సెలవుల్లో పెద్ద పిల్లల్ని ఓ ఆరు వారాలు పనికి పంపండి, నామోషీ ఏం లేదు

ఎడిటర్ గారికి నమస్కారమండి.

పోయిన ఆదివారం మీ పేపర్లో, సెలవులిచ్చాక పిల్లలు పొద్దున లేచింది మొదలు ఫోన్లకి ఎలా అతుక్కుపోతున్నారో రాశారు, చదివాను, అందులో కాదనడానికి ఒక్క మాట కూడా లేదు. కానీ చివర్లో తల్లిదండ్రులు ఏం చెయ్యాలి అన్నచోట చెప్పినవన్నీ స్విమ్మింగ్, డ్రాయింగ్, అబాకస్, సమ్మర్ క్యాంపులే. ఎనిమిదేళ్ళ పిల్లలకి అవి బానే ఉంటాయండి. మరి టెన్త్ రాసేసి అప్పట్నుంచీ ఖాళీగా ఉన్న కుర్రాడి సంగతేంటి, ఇంటర్ ఫస్టియర్ అయిపోయిన అమ్మాయి సంగతేంటి? మీసాలొస్తున్న కుర్రాణ్ణి తీసుకెళ్ళి రంగుల పెన్సిళ్ళ ముందు కూర్చోబెడితే వాడు కూర్చోడు. ఫోనైనా పట్టుకుంటాడు, లేదా ఫ్రెండ్స్‌తో గోదాట్లో దిగుతాడు, ప్రతి వేసవిలో అలా దిగి పోయిన పిల్లల వార్తలు మీ జిల్లా పేజీలోనే చదువుతున్నాం, చదివిన రోజు నాకైతే అన్నం సహించదు.

వాళ్ళకి కావాల్సింది పని. రోజుకి ఐదు గంటలు, ఓ ఆరు వారాలు, జీతం తీసుకుని చేసే పని. ఈ మాట ఎందుకింత గట్టిగా అంటున్నానంటే నేను రాజమండ్రిలో 23 ఏళ్ళుగా పుస్తకాల షాపు నడుపుతున్నాను, అందులో 17 ఏళ్ళుగా ప్రతి వేసవికీ ఇద్దరో ముగ్గురో పిల్లల్ని పెట్టుకుంటున్నాను, ఆ లెక్కన ఓ నలభై మంది దాకా మా షాపు మెట్లెక్కి దిగారు. ఎక్కినప్పుడు ఎలా ఉన్నారు దిగినప్పుడు ఎలా ఉన్నారు అనేది కళ్ళారా చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పెద్దదైంది, ఏమనుకోకండి.

మా వ్యాపారం తెలియనివాళ్ళకి ఒక మాట చెప్తాను. స్కూళ్ళు జూన్ 12న తెరుస్తారు గానీ మాకు స్కూళ్ళు తెరిచేది ఏప్రిల్లోనే. విజయవాడ నుంచి లారీలో నోటు పుస్తకాలు దిగుతాయి, అవి దించుకోవాలి, రూల్డ్ వేరు అన్‌రూల్డ్ వేరు లాంగ్ నోట్సు వేరు నాలుగు గీతల కాపీలు వేరు గ్రాఫ్ పుస్తకాలు వేరు సర్దుకోవాలి, ఆ తర్వాత ఏ స్కూలు ఏ క్లాసుకి ఏమేం కావాలో లిస్టు ప్రకారం సెట్లు కట్టాలి. మే నెల సగం దాటాక ఇక గిరాకీ తగ్గదు, రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలో కూడా అమ్మానాన్నలు పిల్లల్ని వెంటేసుకుని వస్తూనే ఉంటారు. ఏడాది మొత్తం మీద మాకు అదనంగా మనుషులు కావాల్సింది ఆ రెండు నెలలే, ఏడాదిలో పిల్లలు ఖాళీగా ఉండేదీ ఆ రెండు నెలలే. ఒకరి అవసరానికి ఇంకొకరు సరిగ్గా సరిపోయే చోటు ఇది. మా షాపే కాదు, ఊళ్ళో చూస్తే చాలా చోట్ల ఇలాగే ఉంటుంది.

వచ్చిన మొదటి రోజు ఎవరికైనా నేను ఇచ్చే పని ఒకటే, కట్ట కట్టడం. వినడానికి ఏముంది అందులో అనిపిస్తుంది. పన్నెండు పుస్తకాలు తీసుకోవాలి, అంచులు టేబుల్ మీద తట్టి సమానం చేసుకోవాలి, పెద్దవి కిందకి చిన్నవి పైకి, బ్రౌన్ షీట్లు మడత పడకుండా చుట్టి పక్కకి, పురికొస అడ్డంగా ఒక చుట్టు నిలువుగా ఒక చుట్టు, ముడి సరిగ్గా మధ్యలో పడాలి, మోసేవాళ్ళ వేళ్ళు కోసుకోకుండా పట్టుకోవడానికి కొంచెం వదులు ఉంచాలి, అలాగని బండి మీద పెడితే జారిపోకూడదు. మొదటి రోజు పదిహేను కట్టలు కట్టి చెయ్యి నొప్పంటారు. పది రోజులకి మనతో మాట్లాడుతూ అటు చూడకుండానే కట్టేస్తారు. ఆ రోజు వాళ్ళ మొహంలో వచ్చే నిబ్బరం నేను ఏ ర్యాంకు కార్డు పట్టుకున్న పిల్లాడి మొహంలోనూ చూడలేదండి, ఎందుకంటే ఇది ఎవరూ వెయ్యని మార్కు, వాడి చేతికి వాడే వేసుకున్నది.

రెండేళ్ళ కిందట ఒక కుర్రాడొచ్చాడు. టెన్త్‌లో 600కి 571, లెక్కల్లో 98. వాళ్ళ నాన్న గర్వంగా చెప్పాడు, గర్వపడాల్సిందే కూడా. మూడో రోజు వాణ్ణి గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టాను. ఒకావిడ బిల్లు 372 అయింది, 500 నోటు ఇచ్చి, ఉండు బాబూ చిల్లర ఉంది అని 72 కూడా తీసి ఇచ్చింది. కుర్రాడు ఆగిపోయాడు. ఎందుకిచ్చిందో అర్థం కాలేదు. ఆ 72 తిరిగి ఆవిడ చేతిలో పెట్టేసి, కాలిక్యులేటర్ తీసి 500లోంచి 372 తీసేసి 128 లెక్కపెట్టడం మొదలెట్టాడు, వెనక ఆరుగురు నిలబడ్డారు, చెమటలు పట్టేశాయి వాడికి. ఆవిడ మంచిది, కూరగాయల వ్యాపారం చేసుకుంటుంది, నవ్వి చెప్పింది, ఇలా చూడు నాన్నా, నేను 572 ఇచ్చాను నువ్వు నాకు వంద నోట్లు రెండిచ్చెయ్యి అయిపోతుంది, నీకూ చిల్లర మిగులుద్ది నాకూ బరువు తగ్గుద్ది అని. ఎప్పుడూ బడికెళ్ళని మనిషి ఆవిడ. ఆ సాయంత్రం వాడికి చిల్లర ఇచ్చే పద్ధతి నేను నేర్పించాను, తీసివెయ్యకు, కూడుకుంటూ వెళ్ళు, 372కి 8 వేస్తే 380, ఇంకో 20 వేస్తే 400, ఇంకో వంద వేస్తే 500, ఇస్తూ పైకి అను, ఎదుటివాళ్ళు కూడా వింటారు, గొడవ రాదు. వారానికి వాడు మా షాపులో నాకంటే స్పీడుగా చిల్లర ఇచ్చేవాడు. లెక్కలు వాడికి ముందే వచ్చు, కానీ అవి కాగితం మీద లెక్కలు, మనిషి ఎదురుగా నిలబడి చెయ్యి చాపినప్పుడు చేసే లెక్క వేరు అని ఆ రోజే తెలిసింది వాడికి.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది చెప్పడానికే అసలు కూర్చున్నాననుకోండి. ఇంటర్ చదివే ఒక అమ్మాయి వచ్చింది మా దగ్గరికి. చాలా బిడియం, ఎవరైనా కస్టమర్ వస్తే మా ఆవిడ వెనక్కి వెళ్ళి నిలబడేది, ఫోన్ మోగితే తియ్యమంటే అంకుల్ మీరే తియ్యండి అనేది. (మా ఆవిడ కూడా షాపులోనే కూర్చుంటుంది, ఆడపిల్లల్ని పంపే తల్లులు ముందు అడిగేది అదే, అడగాలి కూడా.) ఓ మధ్యాహ్నం కోరుకొండ వైపు నుంచి ఒక రైతు తన కూతురిని తీసుకుని వచ్చాడు, పిల్ల ఏడో క్లాసు. చేతిలో స్కూలు వాళ్ళిచ్చిన లిస్టు, జేబులో 1500. లిస్టు మొత్తం వేస్తే 2300 దాటుతోంది. ఆయన కాసేపు నిలబడ్డాడు, సరే మళ్ళీ వస్తామండి అన్నాడు. మళ్ళీ వస్తామంటే ఏంటో మాకు తెలుసు, రారు, చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతారు, ఆ పిల్ల చెప్పులకేసి చూస్తోంది. నేను ఏదో అనేలోపే మా అమ్మాయి, అప్పటిదాకా నోరు విప్పని అమ్మాయి, ముందుకొచ్చి ఆ లిస్టు ఇటివ్వండి అంకుల్ అంది. కింద చాప మీద కూర్చుని ఆ చిన్న పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని అడగడం మొదలెట్టింది, సోషల్‌కి రెండు వందల పేజీలు రాస్తారా మీరు సంవత్సరమంతా, పోయినేడు నోట్సు ఎన్ని పేజీలు మిగిలాయి, గ్రాఫ్ పుస్తకం ఎప్పుడు వాడతారు, ప్రాజెక్టు షీట్లు ఎప్పుడు అడుగుతారు అని. రెండు వందల పేజీలవి నాలుగు తీసేసి వంద పేజీలవి పెట్టింది, దసరా తర్వాత వాడేవి పక్కన పెట్టింది, జామెట్రీ బాక్స్ పాతది ఉందంటే లోపల డివైడర్ ఒక్కటే విడిగా ఇచ్చింది, పోయినేడు నోట్సుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి రఫ్ పుస్తకం ఎలా కుట్టుకోవాలో చెప్పింది. మొత్తం 1460 అయింది. మిగిలిన 40కి ఆ పిల్లకి పువ్వుల బొమ్మల లేబుల్స్ కొనిపించింది.

నాకు ఆ రోజు అమ్మకం 800 పైనే తగ్గింది, అయినా నేను అంత సంతోషంగా షట్టర్ దించిన రోజులు తక్కువ. ఆ రైతు ఇప్పటికీ మా షాపుకే వస్తాడు, వాళ్ళ ఊరోళ్ళని కూడా తీసుకొస్తాడు. ఆ అమ్మాయి ఆ తర్వాత ఎవరి వెనకా నిలబడలేదు. ఇప్పుడు విశాఖలో నర్సింగ్ చేస్తోంది, మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పింది, పేషెంట్ తాలూకు వాళ్ళు మందుల చీటీ పట్టుకుని మొహాలు చూసుకుంటుంటే నాకు ఆ రోజు లిస్టే గుర్తొస్తదంకుల్ అని. ఏ క్యాంపులో నేర్పుతారండి ఇది?

డబ్బు విలువ గురించి పెద్దవాళ్ళం మనం ఎంత చెప్పినా వాళ్ళకి ఎక్కదు, ఎందుకంటే అది మన డబ్బు. నేను రోజుకి 300 ఇస్తాను, ఐదు గంటలకి, అంటే గంటకి 60. మొదటి శనివారం చేతిలో 1800 పెట్టాక చూడాలి వాళ్ళని. ఒకడు అంతకుముందు ఫ్రెండ్స్‌తో వెళ్ళి 240 పెట్టి బిర్యానీ తినడం అంటే లెక్కే లేనివాడు, మూడో వారంలో నాతో అన్నాడు, అంకుల్ బిర్యానీ అంటే నాలుగు గంటలు అని. నాలుగు గంటలు నిలబడి కట్టలు కడితే ఒక బిర్యానీ. వాడు బిర్యానీ తినడం మానెయ్యలేదు, మానక్కర్లేదు కూడా, కానీ నెలకోసారి చేసుకున్నాడు, అదీ వాళ్ళ నానమ్మకి కూడా పార్సిల్ కట్టించుకుని వెళ్ళేవాడు. పదేళ్ళు నిండిన పిల్లలు బ్యాంకులో సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చు, రిజర్వ్ బ్యాంకు ఒప్పుకున్నదే అది, కాబట్టి నేను పిల్లలందరి చేతా ఖాతా తెరిపిస్తాను, ఫారం వాళ్ళే నింపాలి, క్యూలో వాళ్ళే నిలబడాలి. డిగ్రీ అయ్యాక కూడా డిపాజిట్ స్లిప్పు రాయడం రాని పిల్లల్ని చూస్తున్నాం కదా.

ఇప్పుడు అసలు అడ్డం దగ్గరికి వస్తాను, అదే నామోషీ. మా చెల్లెలి కుటుంబం అమెరికాలో న్యూజెర్సీలో ఉంటారు. మా మేనకోడలికి పదహారు, పోయిన వేసవిలో అక్కడ ఒక ఐస్‌క్రీం షాపులో పనిచేసింది, టోపీ పెట్టుకుని కప్పులు నింపుతున్న ఫోటో మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడితే చప్పట్లు, దండాలు, శభాష్‌లు, ఎంత కష్టపడే పిల్లో అని పెద్దమ్మలు పిన్నమ్మలు అందరూ మెచ్చుకున్నారు. అక్కడ చట్టమే పద్నాలుగేళ్ళ వయసు నుంచి పనికి వెళ్ళనిస్తుంది, బడి ఉన్న రోజుల్లో పద్నాలుగు పదిహేనేళ్ళ పిల్లలకి మూడు గంటలు దాటకూడదని గీత కూడా గీసి పెట్టింది. అదే వారంలో అదే గ్రూపులో ఉన్న మా బావమరిది వరస ఒకాయన నాకు ఫోన్ చేసి, ఏంటి బావా మావాణ్ణి నీ కొట్లో కట్టలు కట్టడానికి రమ్మన్నావంట, మాకేం లోటయిందని, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు అన్నాడు. పని ఒకటే, వయసు ఒకటే, న్యూజెర్సీలో చేస్తే కష్టపడే పిల్ల, రాజమండ్రి మెయిన్ రోడ్డులో చేస్తే పరువు తక్కువ. ఇది నాకు చాలా బాధ కలిగించిందండి. మన పిల్లలు అక్కడికి ఎమ్మెస్‌కి వెళ్ళి క్యాంపస్‌లో అంట్లు తోమితే ఒప్పుకుంటాం, ఇక్కడ మన ఊళ్ళో పుస్తకం అమ్మితే ఒప్పుకోం.

టంగుటూరి ప్రకాశం పంతులు గారు మన రాజమండ్రికి మున్సిపల్ చైర్మన్‌గా చేసిన మనిషి, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మొదటి ముఖ్యమంత్రి అయిన మనిషి. భర్త పోయాక ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆ కాలంలో ఆ పనిని జనం ఎంత తక్కువగా చూసేవారో పెద్దవాళ్ళకి తెలుసు. ఆవిడ ఆ మాటలు పట్టించుకుని ఉంటే మనకి ప్రకాశం గారు ఉండేవారు కాదు.

అయితే ఒక్క విషయం నేను దాచకుండా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. నా వల్ల ఒక కుర్రాడి చదువు ఆగిపోయింది. 2013లో వచ్చాడు, ఆటో నడిపే ఆయన కొడుకు, టెన్త్ బాగా పాసయ్యాడు, పనిలో చురుకు. జూన్ వచ్చింది, అంకుల్ ఇంకో నెల చేస్తానండి అన్నాడు, షాపులో రద్దీగా ఉంది, నేను సరే అన్నాను. జులై వచ్చింది, ఇంకా ఉన్నాడు, కాలేజీ అంటే చేరతానంటాడు. ఆగస్టులో వాళ్ళమ్మ వచ్చి చెబితే అప్పుడు తెలిసింది అసలు ఎక్కడా చేరలేదని, అప్పటికే అడ్మిషన్లు అయిపోయాయి. ఇంటికి డబ్బు అలవాటైపోయింది, వాడికీ అలవాటైపోయింది, మరుసటి ఏడాది నేను ఎంత చెప్పినా చేరలేదు. ఇప్పుడు తాడితోటలో బట్టల హోల్‌సేల్ షాపులో చేస్తున్నాడు, కనిపిస్తే ప్రేమగా పలకరిస్తాడు, నాకే మొహం చెల్లదు. ఆ రోజు ఇంకో నెల అన్నప్పుడు నేను వద్దు అనాల్సింది. అప్పట్నుంచీ నాకు ఒక నియమం ఉంది, ఎవరొచ్చినా కాలేజీ ఎప్పుడు తెరుస్తారో ఆ తేదీ ముందే కాగితం మీద రాయించుకుంటాను, దానికి రెండు రోజుల ముందే ఆఖరి జీతం ఇచ్చి పంపేస్తాను, చేరాక ఫీజు రసీదు తెచ్చి చూపిస్తే వాడికి ఏడాదికి సరిపడా నోటు పుస్తకాలు మా షాపు నుంచి ఉచితం. ఆ రసీదు తేని పిల్లలు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

ఇది ఎందుకు చెప్పానంటే వేసవి పని వేరు, బాల కార్మికుడి పని వేరు, రెండింటినీ కలిపేసి మాట్లాడేవాళ్ళు రెండు వైపులా ఉన్నారు. కొందరు పిల్లలు పనికెళ్తే చాలు అది దోపిడీ అంటారు. ఇంకొందరు హోటల్లో పన్నెండేళ్ళ పిల్లాడు టేబుల్ తుడుస్తుంటే పని నేర్చుకుంటున్నాడులే అంటారు, ఇది మరీ ఘోరం. చట్టం చాలా స్పష్టంగా ఉంది. 1986 నాటి బాల కార్మిక చట్టాన్ని 2016లో మార్చారు, దాని ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కడా పనికి పెట్టుకోకూడదు, సొంత ఇంటివాళ్ళ వ్యాపారంలో సెలవుల్లోనో బడి అయ్యాకో సాయం చెయ్యడం, సినిమా టీవీల్లో నటించడం లాంటివి మినహాయింపు. పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పద్నాలుగు దాటి పద్దెనిమిది లోపు వాళ్ళని గనుల్లో, పేలుడు సామాన్ల దగ్గర, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా పనుల్లో అయినా ఏకధాటిగా మూడు గంటలు మించకూడదు, మధ్యలో గంట విశ్రాంతి ఇవ్వాలి, ఆ విశ్రాంతితో కలిపి మొత్తం ఆరు గంటలు దాటకూడదు, సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఎనిమిది మధ్యలో పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఓవర్‌టైం లేనే లేదు, పేరూ పుట్టిన తేదీ పని గంటలు రిజిస్టర్లో రాయాలి. మా షాపులో పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర, గంట సేపు భోజనం, ఒంటిగంటన్నర నుంచి మూడున్నర, అంతే. పదహారు నిండనివాళ్ళని నేను తీసుకోను, అది నా సొంత నియమం. పన్నెండేళ్ళ పిల్లలు ఎక్కడైనా పనిలో కనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి, ఆ పిల్లల కోసం నేను ఈ ఉత్తరం రాయట్లేదు, వాళ్ళు ఉండాల్సింది బళ్ళో.

బళ్ళు ఇచ్చి డెలివరీలకి పంపే షాపుల వాళ్ళకి కూడా ఒక మాట. పద్దెనిమిది నిండని పిల్లాడు బండి నడిపి ఏదైనా జరిగితే 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి ఓనరుకి మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా. జరిమానా సంగతి అటుంచండి, ఎవరి పిల్లాడో వాడు, వాళ్ళ అమ్మకి మనం ఏం సమాధానం చెప్తాం.

జీతం దగ్గర కూడా జాగ్రత్త అవసరం. మా అబ్బాయినే నేను మా షాపులో పెట్టుకోలేదు, నాన్న దగ్గర పని పని కాదు, బయట చెయ్యాలి అని ఒక సెల్ సామాన్ల షాపుకి పంపాను. నెల రోజులు చేశాక ఆ ఓనరు ఇరవై రోజుల డబ్బులే ఇచ్చి, మొదటి పది రోజులు నేర్చుకున్నావు కదరా దానికి జీతమేంటి అన్నాడు. వీడు ఇంటికొచ్చి ఏడ్చాడు. నేను వెళ్ళి గొడవ పెట్టుకోలేదు, వాడినే మళ్ళీ పంపించాను, నేను రోడ్డుకి అవతల నిలబడ్డాను. మొదటి రోజు నుంచే నేను స్టాకు దించాను, అద్దాలు తుడిచాను, ఇదిగో రోజూ ఏం చేశానో రాసుకున్నాను అని వాడు చిన్న పుస్తకం చూపిస్తే, ఆయన ఏమనుకున్నాడో తెలియదు, మిగతాది ఇచ్చాడు. కానీ అందరి పిల్లలూ అలా రాసుకోరు, అందరి నాన్నలూ రోడ్డు అవతల నిలబడరు. అందుకని పని మొదలయ్యేముందే ఒక చీటీ రాసుకోవాలి, రోజుకి ఎంత, ఎన్ని గంటలు, ఏ రోజు సెలవు, ఏ రోజు జీతం, ఆఖరి రోజు ఏది, ఓనరూ పిల్లాడూ తల్లో తండ్రో ముగ్గురూ సంతకం పెట్టాలి. పది నిమిషాల పని. ట్రెయినింగ్ అనీ సర్టిఫికెట్ అనీ చెప్పి ఊరికే పని చేయించుకునే చోటికి దయచేసి పంపకండి, చేసిన పనికి డబ్బు చేతికి వస్తేనే పిల్లాడికి తన కష్టం మీద గౌరవం కలుగుతుంది.

చదువు పాడవుతుంది అనేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. టెన్త్ పరీక్షలు అయిన నాలుగో రోజు నుంచే బ్రిడ్జ్ కోర్సులని, ఇంటర్ ముందే మొదలెట్టేస్తామని ఫోన్లు వస్తుంటాయి, జనం భయంతో కట్టేస్తారు, ఆ పిల్లలు ఏసీ గదుల్లో కూర్చుని జూన్ నాటికే అలిసిపోతున్నారు. సెలవుల్లో ఆరు వారాలు పుస్తకం తియ్యకపోతే ఎవరి బుర్రా తుప్పు పట్టదు. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా ఆరు నుంచి ఎనిమిదో క్లాసు పిల్లలు పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో తోటమాలి దగ్గరో పని చూసి నేర్చుకోవాలని రాసి పెట్టారు. సర్కారే రాసిందంటే అది ఊరికే రాయలేదు కదా.

మన చుట్టుపక్కల చూడండి ఎన్ని చోట్లున్నాయో. కడియం నర్సరీల్లో మొక్కలకి పేర్ల చీటీలు రాసి కట్టడానికి, వచ్చినవాళ్ళకి ఏ మొక్క ఎండలో పెట్టాలో ఏది నీడలో పెట్టాలో చెప్పడానికి చదువుకున్న పిల్లలు కావాలి (పురుగుమందు దగ్గరికి మాత్రం పంపకూడదు, మధ్యాహ్నం ఎండలో బయట అసలే వద్దు). ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఇళ్ళల్లో పార్సిళ్ళు కట్టాలి, ఆర్డర్లు రాసుకోవాలి. ఆవకాయ సీజన్లో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళకి జాడీలకి లేబుల్ అంటించి లెక్క రాసిపెట్టే మనిషి ఉండడు. తాడితోట బట్టల షాపులు, జెరాక్స్ సెంటర్లు, డాక్టర్ల దగ్గర టోకెన్లు రాసే టేబుళ్ళు, చిన్న పిల్లలకి ట్యూషన్లు, ఎన్నైనా చెప్పచ్చు. పని లేక కాదు, అడగడానికి పిల్లలకి మొహమాటం, పిలవడానికి మనకి అలవాటు లేదు.

అందుకే మిమ్మల్ని ఒకటి కోరుతున్నానండి. ఏప్రిల్ మూడో వారం నుంచి మే మొదటి వారం దాకా మీ జిల్లా పేజీలో ఒక మూల రోజూ నాలుగు లైన్లు ఉచితంగా ఇవ్వండి, ఫలానా షాపులో ఇద్దరికి, ఫలానా నర్సరీలో ముగ్గురికి, వయసు ఇంత, గంటలు ఇన్ని, జీతం ఇంత అని. జీతం రాయని ప్రకటన వెయ్యకండి, పద్దెనిమిది లోపు వాళ్ళని రాత్రి పనికి అడిగితే వెయ్యకండి. హెడ్మాస్టర్లు, ప్రిన్సిపాళ్ళు అడిగిన పిల్లలకి వీడు మా పిల్లాడే, ఫలానా తేదీకి తిరిగి రావాలి అని ఒక కాగితం ఇస్తే చాలు, మాలాంటివాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. ఊళ్ళో వ్యాపారులు ఒక్కొక్కరు ఒక్క పిల్లాణ్ణి తీసుకున్నా ఎంతమంది అవుతారో మీరే లెక్క వేసుకోండి.

మా షాపులో ఈసారి ముగ్గురికి చోటుంది. నిన్న సాయంత్రం ఒకావిడ కూతుర్ని తీసుకుని వచ్చింది, పిల్ల ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి రాలేదు. సోమవారం నుంచి రమ్మన్నాను, కాబట్టి ఇంక ఇద్దరికే. వచ్చేవాళ్ళు పుట్టిన తేదీ కాగితం, కాలేజీ తెరిచే తేదీ రాసిన చీటీ, ఇంట్లో పెద్దవాళ్ళెవరినైనా ఒకరిని వెంట తీసుకుని పొద్దున పదకొండు లోపు రావాలి.

ఇట్లు,
మీ పేపర్ రోజూ షాపు తీశాక మొదట చదివే
ఒక పుస్తకాల షాపు ఆయన,
రాజమండ్రి.